ఉత్తరమేరూరు నుంచి ఏకనాపురం దాకా

మా సోషల్ పుస్తకంలో ఉత్తరమేరూరు గురించి ఒక్క పేరా ఉంది. పరీక్షకు ఆ పేరా చాలు. కానీ మా అమ్మమ్మ వాళ్లది కంచి, నేత కుటుంబం. అక్కడి నుంచి ఉత్తరమేరూరు పెద్ద దూరమేం కాదు. పోయిన సెలవుల్లో మామయ్యను బతిమాలితే స్కూటర్ మీద తీసుకెళ్లాడు.

వైకుంఠ పెరుమాళ్ గుడి గోడల మీద పరాంతక చోళుడి కాలం నాటి శాసనాలున్నాయి. క్రీ.శ. 919లో ఒకటి, 921లో ఒకటి చెక్కారు. రాళ్ల మీద వేలు పెట్టి వెతికాను గానీ ఒక్క అక్షరం కూడా కూడబలుక్కోలేకపోయాను. వాటిలో ఉన్న సంగతి మాత్రం మా టీచరు ముందే చెప్పారు. ఊరిని 30 వార్డులుగా విడదీసేవారు. అర్హులైన వాళ్ల పేర్లు తాటాకు ముక్కల మీద రాసి కుండలో వేసేవారు. ఒక చిన్నపిల్లవాడిని పిలిచి అందులోంచి ఒకటి తీయమనేవారు. వయసు 35కు తక్కువ, 70కి ఎక్కువ ఉండకూడదు. ఒకసారి పదవిలో ఉండి లెక్కలు చెప్పనివాడి పేరు, వాడి దగ్గరి బంధువుల పేర్లు కూడా కుండలోకి రావు. ఈ నియమం విని మా క్లాసంతా చప్పట్లు కొట్టింది!

నాకు బాగా నచ్చింది 'ఏరి వారియం'. ఏరి అంటే మన చెరువు, వారియం అంటే కమిటీ. ఒక్క చెరువు కోసం ప్రత్యేకంగా ఒక కమిటీ ఎందుకు? ఈ ప్రాంతంలో ఏడాది పొడుగునా పారే నది లేదు. పాలారు చాలా నెలలు ఇసుకే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానను చెరువులో నిలవ చేసుకుంటేనే పంట. చెరువు పూడితే ఊరు పోయినట్టే. అందుకే పూడిక తీయించే పని ఊరి సభ తన చేతిలో పెట్టుకుంది.

అయితే ఒక మాట చెప్పాలి. పుస్తకంలో దీన్ని గొప్ప ప్రజాస్వామ్యం అన్నారు. అది బ్రాహ్మణులకు దానమిచ్చిన ఊరు. పన్ను కట్టే సొంత భూమి, సొంత ఇల్లు ఉన్న మగవాళ్ల పేర్లే ఆ కుండలో ఉండేవి. ఆడవాళ్లవి లేవు. పొలంలో నాట్లు వేసినవాళ్లవీ లేవు.

"పాత సభ చూశావుగా, ఇప్పటి సభ కూడా చూద్దువుగాని పద" అన్నాడు మామయ్య. కంచి దాటి అవతలికి, పరందూరు పక్కన ఏకనాపురం వెళ్లాం.

2022 ఆగస్టులో చెన్నై రెండో విమానాశ్రయానికి పరందూరును ఎంపిక చేసినట్టు ప్రకటన వచ్చింది. అంతకు ముందు పడాళం, తిరుప్పోరూరు, పన్నూరు కూడా జాబితాలో ఉండేవి. ఇప్పటి లెక్క ప్రకారం కావలసింది దాదాపు 5,700 ఎకరాలు. అందులో 3,700 ఎకరాలకు పైగా జనం పట్టా భూమి. మిగిలిన ప్రభుత్వ భూమిలో చెరువులూ కాలువలూ చాలా ఉన్నాయి. ఏకనాపురం ఊరు ఊరంతా లేవాలి. ఇళ్లు, పొలాలు, చెరువు, అన్నీ.

ఆ ఆగస్టు 15నే గ్రామసభ కూర్చుని మాకు వద్దని తీర్మానం చేసింది. తమిళనాడులో ఏడాదికి ఆరు రోజులు గ్రామసభలు జరుగుతాయి. వాటిలో మార్చి 22 ఒకటి, అది ప్రపంచ నీటి దినం. తర్వాతి సభల్లో కూడా మళ్లీ మళ్లీ అదే తీర్మానం రాశారు. పగలు పొలం పనులు, రాత్రి ధర్నా. 2024 ఏప్రిల్‌లో లోక్‌సభ ఎన్నికలొస్తే ఓట్లు బహిష్కరించారు. ఆ జూన్‌లో, ఇక్కడ మా మాట వినేవాళ్లు లేరు, సరిహద్దు దాటి చిత్తూరు జిల్లాకు వలస పోతామన్నారు. ఆ వార్త చదివినప్పుడు నాకు ఎలాగో అనిపించింది. మా ముత్తాతలు బతుకుదెరువు కోసం అటునుంచి ఇటు వచ్చినవాళ్లే. 2025 జనవరి 20న నటుడు విజయ్ ఆ ఊళ్ల వాళ్లను కలవడానికి వచ్చాడు. నిజం చెప్పాలంటే, మా క్లాసులో సగం మందికి పరందూరు పేరు తెలిసింది అప్పుడే.

మరి ఇన్ని తీర్మానాలు చేస్తే ఏమైంది? ఇక్కడే నాకు అర్థం కాక మా టీచరును రెండుసార్లు అడిగాను. 2013 కేంద్ర భూసేకరణ చట్టం ప్రకారం ప్రభుత్వం, ప్రైవేటు కలిసి చేసే ప్రాజెక్టుకు భూమి పోయేవాళ్లలో 70 శాతం మంది ఒప్పుకోవాలి. కానీ తమిళనాడుకు 1997లో చేసిన సొంత చట్టం ఉంది, పరిశ్రమల కోసం భూమి తీసుకోవడానికి. దానికి ఆ 70 శాతం నియమం వర్తించకుండా రాష్ట్రం సవరణ చేసుకుంది. హైకోర్టు 2019లో కొట్టేస్తే కొత్త చట్టంతో మళ్లీ నిలబెట్టింది. 2021లో సుప్రీంకోర్టు కూడా సరేనంది. కాబట్టి గ్రామసభ తీర్మానం రిజిస్టర్లో ఉంటుంది. భూసేకరణను ఆపే బలం దానికి లేదు.

మామయ్య విమానాశ్రయం కావాలనే మనిషి. మీనంబాక్కంలో ఏడాదికి 2 కోట్ల మందికి పైగా ఎక్కి దిగుతున్నారు, చోటు చాలదు, బెంగళూరు, హైదరాబాద్ మనల్ని దాటిపోయాయి అంటాడు. మార్కెట్ విలువకు మూడున్నర రెట్లు ఇస్తామన్నారు కదా అని కూడా అంటాడు. అది కొట్టిపారేసే మాట కాదు. 2025 ఏప్రిల్‌లో కేంద్రం సూత్రప్రాయంగా అనుమతి ఇచ్చింది. జూలైలో కొందరు రైతులు భూమి రిజిస్టర్ చేసి ఇచ్చారు కూడా. అమ్మినవాళ్లను నేను తప్పుపట్టను, వాళ్ల ఇంట్లో పెళ్లో అప్పో ఉండొచ్చు.

నాకు భయం నీళ్ల గురించి. అక్కడి మీదుగా కంబన్ కాలువ పోతుంది, చెరువు నింపుతూ చెరువు నింపుతూ శ్రీపెరంబుదూరు వైపు. అటునుంచి పొంగిన నీళ్లు చెంబరంబాక్కానికి, అక్కడినుంచి అడయారుకు. మా ఇల్లు సైదాపేటలో అడయారుకు దగ్గర. 2015 డిసెంబరులో నాకు ఐదేళ్లు. నాన్న నన్ను భుజాల మీద ఎక్కించుకుని మిద్దె మీదికి చేర్చాడు. నా కొత్త స్కూలు బ్యాగు కింద నీళ్లల్లో తేలడం ఇప్పటికీ గుర్తుంది. ఆ చెరువులు మట్టి వేసి చదును చేస్తే అక్కడి వాన ఎటు పోతుంది? ఈ మాట అడిగితే మామయ్య కూడా కాసేపు మాట్లాడలేదు. "కాలువ మళ్లిస్తారులే" అన్నాడు చివరికి.

ఏకనాపురంలో మేం దిగేసరికి సాయంత్రం. పనుల నుంచి వచ్చినవాళ్లు ఒక్కొక్కరే కూర్చుంటున్నారు. ఆడవాళ్లే ఎక్కువ. చంకలో పిల్లలు, పక్కన అన్నం గిన్నెలు. ఒక అవ్వ నన్ను ఏ ఊరని తమిళంలో అడిగింది. చెన్నై అన్నాను. విమానం ఎక్కావా అంది. లేదన్నాను. తనూ ఎక్కలేదంటూ నవ్వి, పక్కకు జరిగి చోటిచ్చింది.

ఉత్తరమేరూరు కుండలో ఈ అవ్వ పేరు ఉండేది కాదు. ఇప్పుడు సభలో ఆమె వేలిముద్ర ఉంది. ఆ సభకు చెరువు మీద అధికారం ఉండేది. ఈ సభకు లేదు. రెండూ ఒక్క రోజులో చూసినందువల్లనేమో, తిరుగు దారిలో నాకూ మామయ్యకూ మాటల్లేవు.

మేం బయల్దేరేటప్పటికి చీకటి పడింది. వాళ్లింకా మాట్లాడుతూనే ఉన్నారు.