పార్వతీపురం: చరిత్రలో కలిసిన ఒక లోక్‌సభ స్థానం



భిలాయి ఉక్కు కర్మాగారాన్ని నమ్ముకుని వచ్చి స్థిరపడిన తెలుగువారిలో ఉత్తరాంధ్ర వారు ఎక్కువగా కనిపిస్తారు. రాయ్‌పూర్ నుంచి విజయనగరం వెళ్లే రైలు మార్గంలో ఒడిశా కొండలు దాటగానే పార్వతీపురం వస్తుంది. 1952 నుంచి 2004 వరకు జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఈ పేరుతో ఒక నియోజకవర్గం ఉండేది. నేడు లేదు. అయినా దాని చరిత్ర మనకు ఒక ముఖ్యమైన సూత్రం నేర్పుతుంది.

1957లో పార్వతీపురం ద్విసభ్య నియోజకవర్గం. అంటే ఒకే నియోజకవర్గం నుంచి ఇద్దరు సభ్యులు ఎన్నికయ్యేవారు. ఒక స్థానం షెడ్యూల్డు తెగలకు, రెండోది అందరికీ. ప్రతి ఓటరుకూ రెండు ఓట్లు. అయితే రెండూ ఒకే అభ్యర్థికి వేయకూడదు. లెక్కింపులో ముందు రిజర్వుడు స్థానం తేల్చేవారు. మిగిలినవారిలో ఎక్కువ ఓట్లు వచ్చినవారికి జనరల్ స్థానం దక్కేది.

ఆ ఎన్నికలో రిజర్వుడు స్థానం బిడ్డిక సత్యనారాయణకు దక్కింది. జనరల్ స్థానానికి కేంద్రంలో కార్మిక మంత్రిగా పనిచేసిన వి.వి.గిరి పోటీలో ఉన్నారు. ఆయన కంటే మరో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు స్వల్పంగా ఎక్కువ ఓట్లు వచ్చాయి. దాంతో రెండు స్థానాలూ గిరిజనులవే అయ్యాయి!

గిరి న్యాయస్థానాన్ని ఆశ్రయించారు. గిరిజనులకు ఒక స్థానం కేటాయించాక రెండోది కూడా వారికే ఎలా ఇస్తారన్నది ప్రశ్న. సూరిదొర అసలు గిరిజనుడే కాడన్న వాదన కూడా వచ్చింది. 1959లో సుప్రీంకోర్టు ఈ వాదనలను తోసిపుచ్చింది. జనరల్ స్థానం అందరిదీ. ఆ 'అందరి'లో గిరిజనుడూ ఉన్నాడు. రిజర్వేషన్ కనీస హామీయే గాని గరిష్ఠ పరిమితి కాదని దీని సారాంశం.

1961లో పార్లమెంటు చట్టం చేసి ద్విసభ్య నియోజకవర్గాలను రద్దు చేసింది. పార్వతీపురం గిరిజనులకు రిజర్వు అయిన ఏకసభ్య స్థానంగా కొనసాగింది. ఓడిన గిరి 1969లో రాష్ట్రపతి అయ్యారు.

2001 జనాభా లెక్కల ఆధారంగా జరిగిన పునర్విభజన 2008లో అమలులోకి వచ్చింది. పార్వతీపురం స్థానం రద్దయింది. పాలకొండ నుంచి రంపచోడవరం వరకు విస్తరించిన అరకు స్థానం ఏర్పడింది. ఇది కూడా షెడ్యూల్డు తెగలకే రిజర్వు అయింది. పార్వతీపురం చివరి సభ్యుడు వైరిచర్ల కిశోర్ చంద్రదేవ్ 2009లో అరకు తొలి సభ్యుడిగా ఎన్నికయ్యారు.

నియోజకవర్గాల పేర్లు శాశ్వతం కావు. ఇంగ్లండులోనూ దాదాపు జనమే లేని ఓల్డ్ సారమ్ అనే స్థానాన్ని 1832లో రద్దు చేశారు. అప్పటిదాకా ప్రతినిధే లేని మాంచెస్టర్ వంటి పారిశ్రామిక నగరానికి స్థానం ఇచ్చారు. జనం కదిలితే సరిహద్దులూ కదులుతాయి. పార్వతీపురం ప్రాంతం నుంచి వచ్చి భిలాయిలో నివసించే కుటుంబం నేడు దుర్గ్ స్థానంలో ఓటు వేస్తుంది. పేరు చెరిగినా సూత్రం నిలిచింది: రిజర్వుడు వర్గాలకు చెందిన అభ్యర్థి నేటికీ జనరల్ స్థానం నుంచి పోటీ చేయవచ్చు, గెలవవచ్చు.