పేర్లు పడే వేళ

సినిమా మొదలైందా అని అడిగితే "ఇంకా లేదు, పేర్లు పడుతున్నాయి" అనడం మనకు అలవాటు. పేర్లు వేరు, కథ వేరు అన్న భావన ఆ మాటలో ఉంది. ఇది మనకే పరిమితం కాదు. 1950ల అమెరికాలో అనేక థియేటర్లలో పేర్లు మూసి ఉన్న పరదా మీదే పడిపోయేవి. అవి ముగిశాకే పరదా తొలగేది.

1955లో ఒట్టో ప్రెమింజర్ 'ది మ్యాన్ విత్ ద గోల్డెన్ ఆర్మ్' తీశాడు. ఇతివృత్తం మాదకద్రవ్య వ్యసనం. నాటి హాలీవుడ్ నియమావళి దానిని అంగీకరించకపోవడంతో ఆమోదముద్ర లేకుండానే చిత్రం విడుదలైంది. పేర్ల రూపకల్పన చేసినవాడు సాల్ బాస్ (1920-1996), పోస్టర్ల చిత్రకారుడు. నల్లని తెర మీద తెల్లని పట్టీలు ఒక్కొక్కటే దిగుతాయి, కదులుతాయి, పేర్లకు చోటిస్తాయి. చివరకు వంకర తిరిగిన చేయిగా మారతాయి. వెనుక ఎల్మర్ బెర్న్‌స్టీన్ జాజ్ సంగీతం. కథానాయకుడు పేక పంచేది ఆ చేత్తోనే, డ్రమ్స్ వాయించాలని కలగనేది ఆ చేత్తోనే, సూది గుచ్చుకునేదీ ఆ చేతికే. సూది బొమ్మ వేయకుండానే బాస్ ఆ వేదనను పట్టుకున్నాడు. పేర్లకు ముందే పరదా తీయవలసిందిగా ఆపరేటర్లకు సూచన కూడా వెళ్ళింది.

పేర్లు చేయవలసిన పని కథను చెప్పడం కాదు, కథకు తగిన మనఃస్థితిని కల్పించడం. హిచ్‌కాక్ 'వెర్టిగో' (1958) ఇందుకు గొప్ప ఉదాహరణ. ఒక స్త్రీ ముఖం, పెదవులు, కన్ను. ఆ కంటిలోంచి సుడులు పుడతాయి. సుడులు జాన్ విట్నీవి, సంగీతం బెర్నార్డ్ హెర్మన్‌ది. తరువాత నాయిక కొప్పులోనూ, గంటగోపురం మెట్లలోనూ అదే సుడి కనిపించినప్పుడు మనం ఉలిక్కిపడతాం. ఎందుకో వెంటనే తెలియదు, కాని కన్ను దానిని ముందే నేర్చుకుంది. 'సైకో' (1960)లో పట్టీలు పేర్లనే ముక్కలు చేస్తాయి. చీలిన మనసు కథకు అంతకంటే ఏం కావాలి?

అయితే ఈ పేర్లు మనుషులవి కూడా. 'స్టార్ వార్స్' రెండవ చిత్రంలో (1980) దర్శకుని పేరును చివరికి నెట్టినందుకు జార్జ్ లూకాస్‌కు దర్శకుల సంఘం జరిమానా విధించింది. ఆయన కట్టి, సంఘాన్నే విడిచిపెట్టాడు. ఆ తరువాత పేర్లన్నీ చివరకు చేరడం సాధారణమైంది. 2017లో నెట్‌ఫ్లిక్స్ ధారావాహికల ఆరంభాన్ని దాటవేసే మీట తెచ్చింది.

బాస్ తొలగించిన పరదాను ఇప్పుడు మన వేలితో మనమే తిరిగి దించుకుంటున్నాం. కథలోకి వెళ్ళే తొందరలో, కథకు మనల్ని సిద్ధం చేసే ఆ రెండు నిమిషాలను పోగొట్టుకుంటున్నాం.