ఇందూరు ఉక్కు దారులు

నిజామాబాద్‌కు పాత పేరు ఇందూరు. ఈ పట్టణం చుట్టుపక్కల పల్లెల్లో కమ్మరులు మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కొన్ని శతాబ్దాల పాటు ఎడ్ల మీద, బండ్ల మీద రేవులకు, అక్కడి నుంచి పర్షియాకు వెళ్లేది. ఇందల్వాయి, కోనసముద్రం ఈ పరిశ్రమకు పేరు మోసిన ఊళ్లు. రెండూ బాన్సువాడకు ఈశాన్యాన ఉన్నాయి. 2016లో కామారెడ్డి జిల్లా ఏర్పడేదాకా ఈ మూడూ ఒకే జిల్లాలో ఉండేవి.

ఔరంగాబాద్ నుంచి గోల్కొండకు వెళ్లే బాట ఇందూరు, ఇందల్వాయిల మీదుగా సాగేది. 1666-67లో ఆ దారిన వచ్చిన ఫ్రెంచి యాత్రికుడు జాఁ ద తెవెనో ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు విరివిగా తయారై దేశమంతటా అమ్ముడుపోతున్నాయని, ఇనుము ఆ దగ్గరి గుట్టల గనిలోనే దొరుకుతోందని రాశాడు. తిరుగు ప్రయాణంలో, 1667లో, అతడు పర్షియాలోనే కన్నుమూశాడు. అదే కాలపు మరో ఫ్రెంచి వర్తకుడు తావెర్నియే బంజారాల బిడారుల్ని వర్ణించాడు. పది పన్నెండు వేల ఎడ్లు బియ్యం, ధాన్యం, ఉప్పు మోసుకుంటూ ఒక్క వరుసన కదిలేవట. ఇరుకు దారిలో ఎదురైతే అవి దాటిపోయేదాకా బాటసారి రెండు మూడు రోజులు ఆగాల్సి వచ్చేది. బాన్సువాడ చుట్టూ ఈనాడు కనిపించే లంబాడా తండాలు ఆ సంచార జాతి స్థిరపడిన ఊళ్లే.

కోనసముద్రం ఉక్కు తయారీని కళ్లారా చూసి రాసినవాడు హెన్రీ వోయ్సీ. త్రికోణమితి సర్వేలో వైద్యుడిగా, భూగర్భ శాస్త్రవేత్తగా పనిచేస్తూ 1824లో మరణించాడు. అతడి వ్యాసం 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. మిర్త్‌పల్లి, కొండాపూర్ అని అతడు పేర్కొన్న రెండు చోట్ల ఇనుమును 3:2 పాళ్లలో కలిపి మట్టిమూసల్లో పెట్టేవారు. ఊక కలిపిన బంకమట్టితో చేసిన ఆ మూసలు కొలిమి వేడికి తట్టుకునేవి. ఒక పగలూ రాత్రీ మనుషులు వంతులు వేసుకుని తిత్తులు ఊదితే ఉక్కు బిళ్ల తయారయ్యేది. పెళుసు పోవడానికి దానికి మట్టి పూసి మళ్లీ మళ్లీ కాల్చేవారు. ఈ సరుకు కొనడానికి ఇస్ఫహాన్ నుంచి హాజీ హుస్సేన్ అనే వర్తకుడు స్వయంగా వచ్చాడు. పర్షియాలో ఇదే పద్ధతిని అనుసరించబోయి విఫలమయ్యారని వోయ్సీ రాశాడు.

ఇలాంటి దక్షిణ భారత ఉక్కు నమూనాలు 1790ల్లో లండన్ రాయల్ సొసైటీకి చేరాయి. 1819లో మైకేల్ ఫారడే ఈ రకం ఉక్కును పరీక్షించాడు. ఈ ఉక్కుతో సాగగొట్టిన కత్తుల మీది అలల గీతలకు లోకం డమాస్కస్ పేరు పెట్టింది. పర్షియా వర్తకుడి పేరు కాగితం మీద మిగిలింది, కొలిమి ముందు కూర్చున్న కమ్మరి పేరు మాత్రం ఒక్కటీ మిగల్లేదు. ఈ చరిత్రలో జరిగిన పెద్ద అన్యాయం ఇదే.

పందొమ్మిదో శతాబ్దంలో చవకైన యూరప్ ఉక్కు దిగుమతి అయింది. బొగ్గుకు కావలసిన అడవి తరిగింది, కత్తులకు గిరాకీ పడిపోయింది. 1900 ప్రాంతంలో హైదరాబాద్ నుంచి మన్మాడ్‌కు రైలుమార్గం కామారెడ్డి, నిజామాబాద్‌ల మీదుగా పడ్డాక ఎడ్ల బిడారులకూ పని లేకపోయింది.

2010లో బెంగళూరులోని జాతీయ ఉన్నత అధ్యయన సంస్థ, బ్రిటన్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో పాత కొలిముల ఆనవాళ్లను సర్వే చేశాయి. బాన్సువాడ నుంచి వర్ని, నిజామాబాద్, ఆర్మూర్ మీదుగా కమ్మర్‌పల్లి వైపు వెళ్లే ప్రయాణికుడు ఈత చెట్ల నీడన కల్లు దుకాణం దగ్గర ఆగుతాడు గానీ, ఊరి చివర చిట్టెపు దిబ్బ దగ్గర ఆగడు. ఈ దిబ్బల్లో పగిలిన మూసల ముక్కలు ఇంకా దొరుకుతాయి. పొలం చదును చేసినప్పుడల్లా, రోడ్డుకు మట్టి తీసినప్పుడల్లా అవి చెదిరిపోతున్నాయి. ఉక్కు తయారీ గురించి ఆ కమ్మరులు వదిలి వెళ్లిన సాక్ష్యం అదొక్కటే గనుక, కనీసం కోనసముద్రం దిబ్బలనైనా రక్షిత స్థలంగా కాపాడుకోవాలి.