ఎండకు కమిలిన ఒళ్లు, మనవాళ్ల మందు

గుంటూరు మిర్చి గురించి చాలా రాశారు. లాం పరిశోధన కేంద్రం తీసిన రకాల గురించి రాశారు, యార్డుకు వచ్చే టిక్కీల లెక్కలు పేపర్లో రోజూ వేస్తారు. ఆ కాయ కోసిన చేతులు సాయంత్రానికి ఎలా మండుతాయో, ఎండకు కమిలిన మెడకు కూలి మనిషి ఏం చేసుకుంటుందో రాసినవాళ్లు తక్కువ. అది చరిత్ర కాదనుకున్నారేమో. నా దృష్టిలో అది కూడా చరిత్రే, అందులోనూ మన చరిత్ర.

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయనే సామెత ఈ మైదానంలో అందరికీ తెలుసు. పల్నాడులోని రెంటచింతల పేరు ప్రతి వేసవీ వార్తల్లో వినబడుతుంది. మిరప కోతలు చలికాలంలో మొదలై ఎండలు ముదిరేదాకా సాగుతాయి. ఆ తర్వాత కల్లాల్లో కాయలు ఆరబోయడం, తాలు ఏరడం, తొడిమలు తీయడం. కల్లంలో నీడ ఉండదు, ఎందుకంటే నీడ ఉంటే కాయ ఎండదు. సుగాలీలు, ఎరుకలు, యానాదులు, నల్లమల దిగి వచ్చిన చెంచులు, వాళ్లతోపాటు దళిత కుటుంబాలు ఆ కల్లాల్లోనే పొద్దుగూకేదాకా కూర్చున్నారు.

"వాళ్లకేంలే, ఎండ అలవాటే" అనే మాట మా పెద్దలు ఆసాముల నోట ఎన్నోసార్లు విన్నారు. నేనూ విన్నాను. నల్లని చర్మానికి ఎండ తగలదనుకోవడం ఒట్టి అబద్ధం. చర్మంలోని నల్లరంగు పదార్థం ఎండను కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. తెల్లటి ఒంటి మీద కమిలినచోటు ఎర్రగా కనబడుతుంది. మన ఒంటి మీద ఆ ఎరుపు కనబడదు గాని వేడి, మంట, రెండో రోజు లాగినట్టుండటం, తర్వాత పొర లేవడం అన్నీ ఉంటాయి. కనబడలేదు కాబట్టి లేదన్నారు. మా అమ్మమ్మ మాత్రం చూసి చెప్పేది కాదు, మెడ మీద మునిచేయి వెనకభాగం ఆనించి చెప్పేది.

మన వైద్యమంతా అనాదిగా వస్తున్నదని సభల్లో మనమే చెప్పుకుంటాం. అది పొగడ్తలాగే ఉంటుంది గాని, అందులో మనకు ఒక నష్టం ఉంది. మిరప మన నేలది కాదు. అమెరికా ఖండాల్లో పుట్టి, 16వ శతాబ్దంలో పోర్చుగీసు ఓడల వెంట మన దేశానికి వచ్చింది. అంతకుముందు మన కూరల్లో కారం మిరియాలది. కాబట్టి మిరప మంటకు మన ఆడవాళ్లు కనిపెట్టిన ఉపాయాలు ఎంత పాతవైనా ఆ పంట కంటే పాతవి కావు. అంటే ఎవరో కొందరు కూలి ఆడవాళ్లు కొత్త బాధను ఎదుర్కొని, ఒకటి పనిచేయక ఇంకొకటి చూసి, పనిచేసినదాన్ని పక్క సాలులో ఉన్నామెకు చెప్పారు. బడిలో మనం దాన్నే ప్రయోగం అంటాం.

వాళ్ల తెలివి ఎంత సూక్ష్మమో ఒక్క సంగతి చూడండి. సాయంత్రం ఇంటికి వచ్చిన మనిషికి రెండు మంటలు. చేతులది కారం మంట, మెడదీ వీపుదీ ఎండ మంట. చేతులకు ముందు నీళ్లు పోయరు. నూనె రాసి, శనగపిండితోనో కుంకుడు నురగతోనో రుద్ది, అప్పుడు కడుగుతారు. లేదా మజ్జిగలో ముంచుతారు. కారంలోని మంట పుట్టించే పదార్థం నీళ్లలో సరిగా కరగదు, నూనెలో కరుగుతుంది. అదే మనిషి మెడకు మాత్రం నూనె తగలనివ్వదు. తడిగుడ్డ వేస్తుంది, కుండనీళ్లు పోసుకుంటుంది. కమిలిన చర్మం మీద వెంటనే నూనో నెయ్యో పూస్తే లోపలి వేడి బయటికి పోదు. కొబ్బరినూనె వంతు మంట చల్లారి, పొర లేచేటప్పుడు వస్తుంది. ఒకే సాయంత్రం, ఒకే ఒంటికి రెండు పద్ధతులు. ఈ తేడా తెలియనివాళ్లు అన్ని మంటలకూ ఒకే సీసా తీస్తారు.

తర్వాత కలబంద. మట్టను కోసి వెంటనే పూయరు. కోసిన వైపు కిందికి పెట్టి గోడకు ఆనిస్తే పసుపుపచ్చని జిగురు కారిపోతుంది. అది ఒంటికి దురద. అది పోయాక లోపలి గుజ్జు తీసి కడిగి రాస్తారు. గట్ల మీద, కంచెల పక్కన దొరికేది కాబట్టి డబ్బు పని లేదు.

ఒంట్లో వేడికి సుగంధిపాల వేరు. ఈ వేరును 1864లో బ్రిటిష్ వాళ్ల అధికారిక ఔషధ గ్రంథంలో చేర్చారు. మొక్కకు లాటిన్ పేరు దక్కింది, తవ్వి తెచ్చినవాళ్ల పేరు ఎక్కడా దక్కలేదు. దాని చుట్టమైన మారెడు గడ్డలను చెంచులు నల్లమల రాళ్ల సందుల్లోంచి తవ్వి తీస్తారు. 1956లో ఏర్పడిన గిరిజన సహకార సంస్థ అడవి సరుకు కొంటుంది, నన్నారి షర్బత్తు సీసాల్లో అమ్ముతుంది.

వేరు కావాలంటే అడవికి పోవాలి, పోవాలంటే కదిలే హక్కు ఉండాలి. 1911 నేరస్థ తెగల చట్టం కింద మద్రాసు ప్రభుత్వం మా ఎరుకలవాళ్లను కులం మొత్తంగా నేరస్థులని రాసుకుంది. 1913లో బాపట్ల దగ్గర సాల్వేషన్ ఆర్మీ చేతిలో స్టువర్టుపురం సెటిల్మెంటు మొదలైంది. హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు కావాలి. అంతకుముందు గాడిదల మీద ఉప్పు, ధాన్యం వేసుకుని సముద్రపు ఒడ్డు నుంచి లోపలి ఊళ్లదాకా తిరిగిన జనం వీళ్లు. రైళ్లు వచ్చి ఆ వ్యాపారాన్ని దెబ్బతీశాయి, చట్టం కాళ్లనే కట్టేసింది. 1952 నాటికి దేశమంతటా ఆ చట్టం పోయింది. దశాబ్దాలపాటు అడవి దారి మూసేస్తే ఒక తరం పిల్లలకు ఏ తీగ ఏదో ఎవరు చూపించగలరు? ఎరుక చెప్పేవాళ్లని పేరున్న కులానికి చెట్ల ఎరుక తగ్గడం వెనక ఇది కూడా ఉంది.

1967లో సాగర్ కాలువలకు నీళ్లు వచ్చాయి. మైదానానికి అన్నం వచ్చింది, కాదనను. పత్తి, మిరప చేలు పెరిగేకొద్దీ గట్టు మీది చెట్టు, కంచె పక్క కలబంద, పోరంబోకు నేల తగ్గాయి. కూలి మనిషి మందూ నీడా ఉన్నది అక్కడే. తర్వాత పురుగుమందుల కాలం. 1987-88లో తెల్లదోమ పత్తిని తినేసి ఈ రెండు జిల్లాల రైతులు ప్రాణాలు తీసుకున్నారు. మందు కొట్టిన చేలో దిగిన కూలీల ఒంటి మీది దద్దుర్లను ఎండకు పేలిందనుకుని సరిపెట్టుకున్నవాళ్లు ఎందరో. ఇక్కడ పాత వైద్యం చాలదు. పురుగుమందు పడినచోట నూనె రాస్తే అది ఇంకా లోపలికి దిగవచ్చు. సబ్బు, బోలెడు నీళ్లు, బట్టలు మార్చుకోవడం, ఆ తర్వాత ఆసుపత్రి.

వడదెబ్బ కూడా అలాంటిదే. కమలడం చర్మానికి, వడ ప్రాణానికి. 2015 మే నెలలో మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా వడగాడ్పులకు చనిపోయారు. ఎక్కువమంది కూలీలు, ముసలివాళ్లు. తలపాగాలో ఉల్లిపాయ పెట్టుకుంటే వడ తగలదంటారు. తినడానికైతే మంచిదే గాని, అది ఎండను ఆపదు. ఉప్పు వేసిన గంజి, తరవాణి, పలచటి మజ్జిగ మాత్రం నిజంగా పనిచేసేవి. చెమటలో పోయిన నీళ్లూ ఉప్పూ తిరిగి వస్తాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో కలరా రోగులకు డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, చక్కెర కలిపిన నీళ్లు తాగించి వేలమందిని బతికించాడు. గంజి ఆ పొడి ప్యాకెట్‌కు దూరపు చుట్టం కాదు. అయితే మనిషి మాట తడబడి, ఒళ్లు కాలిపోతుంటే గంజి పట్టకూడదు, గొంతుకు అడ్డం పడుతుంది. నీడకు చేర్చి, ఒళ్లు తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. మా బడిలో ఆడపిల్లలు ఎండకు నల్లబడ్డామని నిమ్మచెక్క రుద్దుకుని బయటికి వస్తున్నారు. నిమ్మరసం మీద ఎండ పడితే చర్మం బొబ్బలెక్కుతుంది. ఇది ఏ అవ్వా చెప్పిన వైద్యం కాదు, తెల్లబడాలనే కోరిక చెప్పింది. సెలవులకు ఇంటికి వెళ్లేటప్పుడు వాళ్లకు ఒక పని ఇచ్చాను. ఇంట్లో పెద్దామె ఎండ మంటకు ఏం వాడేదో, ఎక్కడ దొరికేదో, ఇప్పుడు ఆ చోట ఏముందో రాసుకు రమ్మన్నాను. మూడో ప్రశ్నకు ఎక్కువమంది రాసుకొచ్చిన జవాబు పత్తి చేను.