చెరువు జమాఖర్చు



ఎండాకాలంలో ఓ పొద్దున చెరువుగట్టు మీదికి వెళ్తారు. నిన్నటిదాకా బాగానే వున్న నీరు ఆకుపసరు కలిపినట్లు కనబడుతుంది. గాలివాలుకు ఒక మూల పాచి తెట్టు కట్టి కంపు కొడుతూ వుంటుంది. చేపల చెరువైతే రైతు గుండె గుభేలుమంటుంది. ఊరి మంచినీటి చెరువైతే ఊరంతటికీ బెంగే. వెంటనే "ఏం మందు వెయ్యాలి?" అని అడుగుతాం. దానికంటే ముందు అడగవలసిన ప్రశ్న వేరొకటి వున్నది: ఈ పాచికి తిండి ఎక్కడిది?

చెరువుకు కూడా సంసారానికి మల్లే జమాఖర్చు వుంటుంది. నీటితో, ఎరువుతో, మేతతో వచ్చేది జమ. పట్టిన చేపతో, తీసిన పూడికతో, వదిలిన నీటితో పోయేది ఖర్చు. జమ పెరిగి ఖర్చు తగ్గితే మిగిలినదంతా పాచి తింటుంది. మన గోదావరి డెల్టాలో ఈ లెక్క ఎప్పుడు, ఎట్లా తప్పిందో ఈ పూట చెప్పుకుందాం.

ఆనకట్టకు ముందు గోదావరి పక్కనే పారుతున్నా మన పొలాలకు వాన నీరే దిక్కు. 1832-33లో వచ్చిన నందన కరువులో జనం అల్లాడిపోయారు. ఆర్థర్ కాటన్ దొర పూనికతో ధవళేశ్వరం దగ్గర 1847లో పని మొదలై 1852కు ఆనకట్ట పూర్తి అయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని అది నాలుగు భాగాలు. కాలువలు పారిన తరువాత ఊరి చెరువుల బతుకు మారిపోయింది. వేసవిలో కాలువలు కట్టేస్తారు గనుక, కట్టేముందు చెరువులు నింపుకోవడం డెల్టాలో ఆచారమైంది. ఇప్పటికీ అంతే. కుళాయిలో వచ్చే నీరైనా చాలా ఊళ్లలో అట్లా నింపుకున్నదే.

ఆ రోజుల్లో లెక్క సరిపోయేది. వరదకు వచ్చే ఎర్రనీటిలో ఒండ్రు వుండేది. బురదనీటిలోకి వెలుగు దిగదు గనుక పాచి పెరిగేది కాదు. తాగే నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవారు. అన్నిటికంటే ముఖ్యం, చెరువు ఎండినప్పుడు అడుగు మట్టిని తవ్వి బండ్ల మీద చేలకు తోలేవారు. పొలానికి ఎరువు, చెరువుకు శుభ్రం. చెరువులో చేరిన భాస్వరం తిరిగి చేనుకే పోయేదన్నమాట. మన పెద్దలకు భాస్వరం పేరు తెలియకపోవచ్చు గాని, లెక్క మాత్రం తెలుసు.

తరువాత జమ పెరిగింది. 1960లో ప్రభుత్వం సాంద్ర వ్యవసాయ పథకానికి దేశంలో మొదట ఎన్నుకున్న ఏడు జిల్లాల్లో పశ్చిమ గోదావరి ఒకటి. సూపర్ ఫాస్ఫేటు, యూరియా వాడకం పెరిగింది. పంట పండింది, అది మంచిదే. కాని చేనుకు పట్టని ఎరువు మురుగు కాలువల్లోకి జారింది.

ఇంతలో చేపల పెంపకం వచ్చింది. 1957 జూలై 10న ఒరిస్సాలోని అంగుల్‌లో హీరాలాల్ చౌధురి గారు మందు సూది ద్వారా గండిచేపల చేత గుడ్లు పెట్టించారు. అంతకుముందు చేపపిల్లల కోసం ఏటి మీద ఆధారపడవలసి వచ్చేది. ఆ బెడద తీరాక బొచ్చె, శీలావతి, మోసు మన చెరువులకు చేరాయి. 1970లలో కొల్లేటిలో సహకార సంఘాల పేర చెరువులు తవ్వారు. పోను పోను ఉండి, భీమవరం, కైకలూరు ప్రాంతాల్లో వరిచేలే చెరువులైనాయి. తవుడు, చెక్క, కోళ్లఎరువు ఇవన్నీ నీటిలో పడ్డాయి. మేతలోని భాస్వరంలో చేపకు పట్టేది కొంతే, ఎక్కువ భాగం నీటిలోను, అడుగు బురదలోను మిగిలిపోతుంది.

ఈ చిక్కు మనకొక్కరికే వచ్చింది కాదు. 1878లో ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు నీరు తాగి పశువులు చచ్చిపోతే, నీటిమీది నీలాకుపచ్చ నాచే విషమని జార్జి ఫ్రాన్సిస్ ప్రకటించాడు. ఆ జాతి నాచులో కొన్నిటి విషం నీరు కాచినా పోదు. అందుచేత తెట్టు కట్టిన నీటికి పశువును తోలవద్దు, పిల్లల్ని దిగనియ్యవద్దు.

1904లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన మూర్, కెల్లర్‌మన్ అనేవారు మైలుతుత్తంతో నాచు చస్తుందని చూపించారు. చస్తుంది, నిజమే. కాని చచ్చిన నాచు కుళ్లుతూ నీటిలోని ప్రాణవాయువును తాగేస్తుంది. మోతాదు మించితే చేపా చస్తుంది. రాగి బురదలో మిగిలిపోతుంది. పాచికి తిండిపెట్టిన భాస్వరం చెరువులోనే వుండిపోతుంది గనుక కొన్నాళ్లకు మళ్లీ అదే పాచి.

అసలు గుట్టు కెనడాలో బయటపడింది. 1973లో అక్కడి శాస్త్రజ్ఞులు ఒక సరస్సుకు మధ్యగా తెర కట్టారు. రెండు వైపులా కర్బనం, నత్రజని వేశారు. ఒక్క వైపు మాత్రం భాస్వరం కూడా కలిపారు. ఆ వైపే పచ్చబడింది. మన పెద్దలు బండ్లకెత్తి పొలానికి పంపినది సరిగ్గా ఆ భాస్వరాన్నే గదా!

అయితే పచ్చదనమంతా చెడ్డదని అనుకోకండి. లేతపచ్చ నీరు చేపకు ఆహారం. పగలు ఎండలో నాచు ప్రాణవాయువును వదులుతుంది. రాత్రి అదే నాచు, చేపతో పోటీపడి దాన్ని పీల్చుకుంటుంది. అందుకే నాచు చిక్కబడిన చెరువులో తెల్లవారుజామున చేపలు పైకితేలి నోళ్లు తెరుస్తాయి. రోజంతా మబ్బు పట్టిందా, ఆ రాత్రి మరీ ప్రమాదం. ఏడాది కష్టం ఒక్క రాత్రిలో తెల్లపొట్టలు పైకి వేసుకుని తేలిపోవచ్చు.

మరి చెయ్యవలసిందేమిటి? 1865లో ఇటలీ దేశపు సెక్కి అనే మతగురువు తెల్లటి బిళ్లను నీటిలోకి దింపి, ఎంత లోతున కనుమరుగవుతుందో కొలిచాడు. మీరూ ఒక తెల్లపళ్లేన్ని కర్రకు కట్టి, మధ్యాహ్నం పూట దింపి చూడండి. 30 నుంచి 40 సెంటీమీటర్ల వరకు కనబడితే నీరు బాగున్నట్లు. 20 లోపే మాయమైతే నాచు మించినట్లు. అప్పుడు మేత తగ్గించండి, ఎరువు ఆపండి. రాత్రిళ్లు ఏరేటరు తిప్పండి. కాలువ పారుతుంటే అడుగునీరు కొంత వదిలి కొత్తనీరు పెట్టండి. కాలువలు కట్టేశాక ఆ దారి వుండదు గనుక, మేత ముందునుంచే అదుపులో వుండాలి. పచ్చనీటిలో సున్నం గుడ్డిగా చల్లవద్దు. నీటి పరీక్ష చేయించి, మత్స్యశాఖవారిని అడిగి వెయ్యండి. పట్టుబడి అయ్యాక చెరువు ఎండబెట్టి, బురద తీసి చేలకు తోలండి. అది పెద్దల వైద్యమే, నేటికీ దానికి మించినది లేదు.

ఊరి చెరువులో గేదెల్ని కడగవద్దు, ఇళ్ల మురుగు కలవనియ్యవద్దు. గుర్రపుడెక్క తీస్తే గట్టు మీద వదలక ఎరువుగుంటలో వెయ్యండి. గట్టుమీద కుళ్లితే దాని సారం మళ్లీ నీటిలోకే.

చివరిగా ఒక్కమాట. మన చెరువు ఖర్చు పక్కవాడి చెరువుకు జమ కాకూడదు. కొల్లేటి ఎగువన వదిలిన నీరు కొల్లేటికి చేరి, ఉప్పుటేరు గుండా సముద్రంలో కలుస్తుంది. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది. 2006లో అక్కడి అక్రమ చెరువుల గట్లు కొట్టించవలసి వచ్చింది. ఎన్నో కుటుంబాలు నష్టపడ్డాయి. ముందే లెక్క చూసుకుని వుంటే అంతదాకా వచ్చేది కాదు. మీ చెరువునీరు తూము దాటేటప్పుడు, అది ఏ మురుగు కాలువలో పడుతుందో, ఆ దిగువన ఏ ఊరు తాగుతుందో ఒక్కసారి గట్టు వెంబడి నడిచి చూడండి. తాగునీటి కాలువలోకైతే వదలనే వదలవద్దు.