గుర్రాల మత్తుమందు వీధికెక్కిన వైనం

నరానికి జైలజిన్ సూది పడిన కొద్ది నిమిషాల్లో గుర్రం తల వాలుస్తుంది. కింది పెదవి వేలాడుతుంది. కాళ్లు ఎడంగా పెట్టుకుని నిలబడే తూగుతుంది గానీ సాధారణంగా పడిపోదు. ఈలోగా డాక్టరు గాయానికి కుట్లు వేసేస్తాడు. ఆవుకైతే కిలో బరువుకి ఇందులో పదో వంతు చాలు. గుర్రం మోతాదు పొరపాటున ఆవుకి ఎక్కిస్తే ప్రాణం మీదికొస్తుంది.

నిజానికి ఈ మందు పశువుల కోసం పుట్టలేదు. 1962లో జర్మనీకి చెందిన బేయర్ కంపెనీ మనుషుల రక్తపోటు తగ్గించడానికి దీన్ని తయారు చేసింది. పరీక్షల్లో రక్తపోటు తగ్గడంతో ఆగక మరీ పడిపోయింది, మనుషులు మగతలోకి జారుకున్నారు. దాంతో మనుషులకు వద్దనుకున్నారు. ఆ మగతే పశువైద్యానికి అక్కరకొచ్చింది. రోంపున్ పేరుతో వచ్చిన ఈ మందును పశువులకు వాడుకోవచ్చని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 1972లో అనుమతిచ్చింది. దీనికి వరసకు చుట్టమైన క్లోనిడిన్ జాతకం వేరు. ముక్కుదిబ్బడకు మందు వెతుకుతుంటే అది బీపీ మందుగా తేలి, మనుషుల మందుల షాపుల్లోనే స్థిరపడింది.

అటవీశాఖవాళ్లు చిరుతపులికి గురిపెట్టే మత్తు బాణంలోనూ జైలజిన్ ఉంటుంది, కెటమిన్‌ అనే మరో మత్తుమందుకు జోడీగా. ఆ జోడీలో కెటమిన్‌ను మన దేశం 2011లో మాదకద్రవ్యాల చట్టం కిందికి, 2013లో షెడ్యూల్ ఎక్స్‌లోకి తెచ్చింది. అంటే డాక్టరు చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి దుకాణదారు రెండేళ్లు దాచాలి. కెటమిన్‌ను మనుషులు మత్తుకు వాడతారని అందరికీ తెలుసు. జైలజిన్ మీద అలాంటి అనుమానం చాలాకాలం పెద్దగా కలగలేదు. అమెరికాలోనూ అప్పట్లో అది చీటీ ఉంటేనే అమ్మే పశువుల మందే తప్ప దేశమంతటికీ వర్తించే మాదకద్రవ్యాల జాబితాలో లేదు.

ముందుగా ప్రమాదం బయటపడింది అమెరికా పాలనలోని ప్యూర్టోరికోలో. 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే అక్కడ హెరాయిన్‌లో దీన్ని కలిపేవారు, గుర్రాల మత్తు అనే పిలిచేవారు. వాడినవాళ్ల ఒంటి మీద మానని పుళ్ల సంగతి వైద్య పత్రికల్లోనూ వచ్చింది. అయినా వాషింగ్టన్‌లో కదలిక లేదు. అమెరికా నగరం ఫిలడెల్ఫియాలో 2010-15 మధ్య హెరాయిన్, అదే కోవకు చెందిన కృత్రిమ మత్తుమందు ఫెంటనిల్ వల్ల జరిగిన మరణాల్లో 2 శాతంలో కనిపించిన జైలజిన్ 2019కల్లా 31 శాతంలో కనిపించింది. ఆ నగరంలోని కెన్సింగ్టన్ పేట వీధుల్లో దాని పేరు ట్రాంక్.

ఫెంటనిల్ మత్తు త్వరగా దిగిపోతుంది, జైలజిన్ కలిపితే సాగుతుంది. అందుకే అమ్మేవాడికి లాభం. పైగా చైనా నుంచి ఆన్‌లైన్‌లో కిలో పొడి 6 నుంచి 20 డాలర్లకే దొరుకుతోందని అమెరికా మాదకద్రవ్యాల నియంత్రణ సంస్థ డీఈఏ 2022లో లెక్క చెప్పింది. కొనేవాడికి తన పొట్లంలో ఏముందో తెలియదు. సూది గుచ్చని చోట కూడా చర్మం నల్లబడి కుళ్లుతుంది, కొందరికి కాలో చెయ్యో తీసేయాల్సి వస్తుంది. విరుగుడు మందు నలాక్సోన్ ఫెంటనిల్‌ను విరుస్తుంది గానీ జైలజిన్ మీద పనిచేయదు. పశువుల్లో దీనికి విరుగుడు మందులున్నాయి, మనుషులకు అనుమతి పొందినది ఒక్కటీ లేదు.

2023లో ఒక్కసారిగా అందరూ మేలుకున్నారు. ఫిబ్రవరిలో ఎఫ్‌డీఏ దిగుమతులపై నిఘా పెట్టింది. మార్చిలో ఒహాయో రాష్ట్రం జైలజిన్‌ను మాదకద్రవ్యాల మూడో షెడ్యూలులో చేర్చింది. ఏప్రిల్‌లో వైట్‌హౌస్ జైలజిన్ కలిసిన ఫెంటనిల్‌ను కొత్త ముప్పుగా ప్రకటించింది.  ఫిలడెల్ఫియా ఉన్న పెన్సిల్వేనియా రాష్ట్రం కూడా తాత్కాలికంగా షెడ్యూలులో పెట్టి, 2024లో చట్టం చేసింది. పశువుల డాక్టర్లకు బీరువాకు తాళం, పుస్తకంలో లెక్క తప్పనిసరయ్యాయి, పశువైద్యానికి దారి మాత్రం మూయలేదు. అది తెలివైన పని. మందే దొరక్కుండా చేస్తే నష్టపోయేది రైతూ అతని గొడ్డూ. అయితే సముద్రం దాటి పొడిగా వచ్చే సరుకును పశువుల ఆస్పత్రి బీరువా తాళం ఆపలేదు. దేశమంతటికీ వర్తించే బిల్లు 2023లోనే అమెరికా చట్టసభ కాంగ్రెస్‌కు వచ్చినా, ఆ సభ గడువు 2025 జనవరిలో ముగిసేలోగా చట్టం కాలేదు. బ్రిటన్ అదే నెలలో దీన్ని సి తరగతి మాదకద్రవ్యం చేసింది.

ఈలోగా ఫిలడెల్ఫియా సరుకు మారిపోయింది. 2024 నుంచి జైలజిన్ స్థానంలోకి మెడెటోమిడిన్ వస్తోంది. అదీ పశువుల మత్తుమందే, అదే కుటుంబం, ఇంకా గాఢమైనది. అది మానేసినవాళ్లకు గుండె వేగం, రక్తపోటు విపరీతంగా పెరిగి ఐసీయూలో చేర్చాల్సి వస్తోంది. పేరుపేరునా ఒక్కో మందునూ షెడ్యూలులో ఎక్కించడం అవసరమే గానీ, ఫిలడెల్ఫియాలో అది చాలలేదు.