హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి

రెండు వేర్వేరు పత్తి రకాలను సంకరపరచి, ఆ మొదటి తరం గింజను విత్తడానికి అమ్మడమే హైబ్రిడ్ పత్తి విత్తనోత్పత్తి. వాణిజ్యస్థాయిలో సాగైన తొలి హైబ్రిడ్ హెచ్-4ను 1970లో సూరత్‌లో సి.టి. పటేల్ రూపొందించారు. పూర్వపు గుంటూరు, ప్రకాశం జిల్లాల నల్లరేగళ్లలో ఇప్పుడు పండే పత్తి దాదాపు అంతా హైబ్రిడ్లే. హైబ్రిడ్ చేలో పండిన గింజను దాచి విత్తితే మొక్కలు తలోతీరుగా వచ్చి దిగుబడి తగ్గుతుంది. అందుకే రైతు ఏటా ప్యాకెట్టు కొంటాడు.

ఆ ప్యాకెట్టు చౌకగా తయారు కాకపోవడానికి కారణం పువ్వులోనే ఉంది. కేసరాలు, కీలం ఒకే పువ్వులో ఉండటంతో పత్తిలో ఎక్కువగా స్వపరాగ సంపర్కమే జరుగుతుంది. కాబట్టి గింజ కట్టాల్సిన ఆడ వరుసల్లో మర్నాడు విచ్చుకునే మొగ్గలను ముందురోజు సాయంత్రమే గుర్తించి, రేకులతోపాటు కేసరాల గొట్టాన్ని బొటనవేలి గోటితో ఒలిచేస్తారు. గోరు లోపలికి దిగితే మొగ్గ రాలుతుంది. కేసరాలు మిగిలిపోతే గింజ కల్తీ అవుతుంది. పొద్దున్నే పుప్పొడి ఇచ్చే మగ వరుసల పూలు తెచ్చి కీలాగ్రాలకు పుప్పొడి అద్దుతారు. ఇది వారాల తరబడి రోజూ సాగే పని. పూత ఆగదు గనుక కూలీలకు సెలవు దొరకదు. ఈ పనికి ఇంతవరకు యంత్రం లేదు.

నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో కంపెనీలు ఆర్గనైజర్ల ద్వారా రైతులతో ఈ విత్తనం పండిస్తాయి. విత్తన రైతు ఖర్చులో పెద్ద వాటా ఈ సంకరం పని (క్రాసింగ్) కూలీదే. గతంలో ఆ ఖర్చు తగ్గించుకోవడానికి ఈ చేలలో బాలికలను పనికి పెట్టుకోవడం పెద్ద వివాదమైంది.

ధరల పోరు మాత్రం మరో పద్దు మీద నడిచింది. పురుగును తట్టుకునే జన్యువు చేర్చిన బీటీ పత్తి 450 గ్రాముల ప్యాకెట్టు రూ.1,600 దాటి అమ్ముడవుతుండగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాన్ని అదుపుచేసే ఎంఆర్‌టీపీ కమిషన్‌ను ఆశ్రయించింది. 2006లో ధర రూ.750కి దిగింది. 2007లో రాష్ట్రం పత్తి విత్తన చట్టం చేసింది. 2015 నాటి కేంద్ర ఉత్తర్వు ప్రకారం 2016లో రెండు జన్యువుల బీటీ విత్తనం బీజీ-2 గరిష్ఠ ధర రూ.800గా ఖరారైంది. తగ్గినది ప్రధానంగా జన్యువు మీది రాయల్టీ. చేతిపని ఖర్చును ఏ చట్టమూ తగ్గించలేదు.

పనికొచ్చే పుప్పొడి కట్టని, అంటే పురుషవంధ్యత్వం ఉన్న మొక్కలను ఆడ వరుసగా వాడితే కేసరాలు ఒలిచే పని తప్పుతుంది. అయితే జన్యుపరమైన వంధ్యత్వంలో సగం మొక్కలు మామూలువే వస్తాయి. పూత మొదలవగానే వాటిని గుర్తించి పీకెయ్యాలి. పుప్పొడి అద్దడం ఎలాగూ తప్పదు. ఈ ఖర్చు అధిక సాంద్రత సాగులో ఇంకా బరువవుతుంది. మొక్కలను దగ్గరగా నాటే ఆ సాగుకు ఎకరాకు విత్తనం మరింత ఎక్కువ కావాలి. అక్కడ హైబ్రిడ్ కాని, సొంతంగా గింజ దాచుకోగల సూటి రకాలే చవక.